ఏకాంబరం బంకు ముందు దొంగ క్యూ

మొన్న గౌనిపల్లి నుంచి లత అనే అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మా చెల్లెలి కోడలికి చుట్టమట. నరసాపురం దగ్గర బెంగళూరు హైవే మీద కొత్తగా పెట్టిన పెట్రోలు బంకులో మేనేజరు ఉద్యోగం దొరికిందనీ, సోమవారం చేరాలనీ చెప్పింది. కాఫీ తాగి, కాసేపు మొహమాటపడి, అసలు సంగతి అడిగింది.

"పెద్దమ్మా, నువ్వు బంకులో మేనేజరుగా ఇన్నేండ్లు చేసినావంట గదా. నేను ముందుగాల ఏం నేర్చుకోవాల?"

మంటలార్పే సిలిండరు ఎలా పట్టుకోవాలో, కస్టమరును చూసి ఎలా నవ్వాలో కంపెనీవాళ్ళు ట్రైనింగులో నేర్పుతారు. వాళ్ళు నేర్పనివి నేను చెప్పాను. లత విన్నంతసేపూ నవ్వి, "ఇవంతా రాసిపెట్టు పెద్దమ్మా, నా మాదిరి చేరేవాళ్ళకి పనికొస్తాది" అంది. అందుకని రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, ఏ అధికారి నాకు ఏ సర్టిఫికెట్టు ఇచ్చాడు లాంటివి ఇందులో ఉండవు. అవి నాకే గుర్తు లేవు.

తిట్లు పడతావా?

నా పేరు రుక్మిణి. మా నాన్న బంగారు గనుల ఆఫీసులో గుమాస్తా, అమ్మ స్కూల్లో టీచరు. నేను బీకాం చదివి, టైపు నేర్చుకుని సిద్ధంగా ఉండే సమయానికి గనుల్లో కొత్తవాళ్ళను తీసుకోవడం మానేశారు. నాన్న నన్ను వెంటబెట్టుకుని చాంపియన్ రీఫ్స్ గని పేటలో, మనుషులు గనిలోకి దిగే షాఫ్టు దగ్గర రోడ్డు వంపు తిరిగే మలుపులో ఉన్న ఏకాంబరం బంకుకు తీసుకెళ్ళాడు. ఏకాంబరాన్ని అందరూ సావుకారు అనేవాళ్ళు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, జేబులో మాత్రం ఎప్పుడూ ఒక నూనె గుడ్డ. ఆయన నా సర్టిఫికెట్ల మొహం కూడా చూడలేదు.

"ఏమ్మా, తిట్లు పడతావా?" అన్నాడు.

"ఎవరివి?"

"అందరివీ. కస్టమర్లవి, కంపెనీవోళ్ళవి, నావి."

"మీరు తిడితే తిరిగి తిట్టొచ్చా?"

మా నాన్న నా మోచెయ్యి గిల్లాడు. ఏకాంబరం పగలబడి నవ్వి, "రేపట్నుంచి రా" అన్నాడు.

ఆడమనిషిని ఎందుకు పెట్టుకున్నారని కొన్నాళ్ళ తర్వాత అడిగాను. "ముందర ఇద్దరు మొగోళ్ళను పెట్టినా. ఒకడు కస్టమరును కొట్టినాడు. ఇంగొకడు కస్టమరు చేత కొట్టించుకున్నాడు. ఆడమనిషి ఉంటే నోరు జారేముందు రవంత ఆలోచిస్తారు గదా అని" అన్నాడు. ఆయన అంచనా తప్పు. ఎవరూ ఆలోచించలేదు. చేరిన వారంలోనే నాకు తెలుగు, తమిళం, కన్నడం మూడింట్లోనూ తిట్లు వచ్చేశాయి. ఇంగ్లీషు తిట్లు మాత్రం గనుల ఆఫీసర్లు రిటైరయ్యే ముందు నేర్పించి పోయారు.

ఆ బంకుకు ఊళ్ళో పేరు తెచ్చింది పెట్రోలు కాదు, ముందు నిలబడి ఉన్న పాత చేతిపంపు. మనిషి కంటే ఎత్తు, ఎర్ర రంగు, తలమీద పెద్ద గాజు జాడీ. పక్కనున్న హ్యాండిలు తిప్పితే భూమిలోంచి పెట్రోలు ఆ జాడీలోకి ఎక్కేది. కొనేవాడు కళ్ళారా చూసుకున్నాక అది బండిలోకి దిగేది. నేను చేరే నాటికి దానితో అమ్మడం ఎప్పుడో ఆగిపోయింది. ఏటా రంగు వేయించి నిలబెట్టేవాళ్ళు.

ఆ పంపు గురించి ఏకాంబరం ఒక్కొక్కరికి ఒక్కో కథ చెప్పేవాడు. తాత సమాధి చూసుకోవడానికి వచ్చిన ఒక తెల్లాయనకు, మీ తాత రోజూ ఇక్కడే కారుకు పెట్రోలు పోయించుకుని నా తండ్రితో చదరంగం ఆడేవాడని చెప్పాడు. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. బెంగళూరు కాలేజీ పిల్లలకు ఒక మహారాజు స్వయంగా హ్యాండిలు తిప్పాడని చెప్పాడు. ఉద్యోగం లేని కుర్రాళ్ళకు, పొద్దున్నే వచ్చి ఆ హ్యాండిలు ముట్టుకుంటే ఇంటర్వ్యూ పాసవుతారని చెప్పాడు. వాళ్ళు ముట్టుకుని, ఎలాగూ వచ్చాం కదా అని అర లీటరు పోయించుకుని వెళ్ళేవాళ్ళు.

"ఇందులో నిజమేది సావుకారూ?" అని అడిగాను.

"అడిగేవోడు మనసారా నమ్మేది యాదో అదే నిజం" అన్నాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా.

అసలు సంగతి వాళ్ళ అమ్మ నాకు చెప్పింది. ఏకాంబరం తండ్రి మొదట రేకుల షెడ్డులో డబ్బాలతో పెట్రోలు అమ్మేవాడు. గనుల దొరల కార్లే గిరాకీ. తర్వాత మద్రాసు నుంచి రైల్లో ఈ పంపు వచ్చింది. గాజులోకి పెట్రోలు ఎక్కడం చూడటానికి గని కూలీల లైను ఇళ్ళవాళ్ళు సాయంత్రాలు పిల్లలను ఎత్తుకుని వచ్చేవాళ్ళట. కరెంటు పంపు వచ్చాక చాలామంది దాన్ని నమ్మలేదు. కంటికి కనబడకుండా ట్యాంకులోకి పోయేదానికి డబ్బులెలా ఇస్తామని ఎదురు తిరిగారు. పాత కస్టమర్లు చచ్చేదాకా ఆ అనుమానం చావలేదు. కొత్తగా చేరేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోండి. ఈ వ్యాపారంలో సరుకు కొనేవాడి కంటికి కనబడదు. అందుకే వాడు మీ మొహం వంక చూస్తాడు.

పెళ్ళికొడుకు కారు

మా బంకులో జరిగిన అతి పెద్ద తప్పు చేసింది పనివాళ్ళు కాదు, సావుకారే.

ఒక ముహూర్తం రోజు పొద్దున పంపు దగ్గర ఉండేవాడు టిఫినుకు పోయాడు. పూలదండలతో అలంకరించిన కారు వచ్చి ఆగింది. పెళ్ళికొడుకును చూసిన సంతోషంలో ఏకాంబరం తానే నాజిలు అందుకుని, ఆశీర్వదిస్తూ, జోకులేస్తూ, పెట్రోలు కారులో డీజిలు నింపేశాడు. కారు గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ దాకా వెళ్ళి దగ్గింది, పొగ వదిలింది, ఆగిపోయింది.

నేనైతే ఏం చేసేదాన్నో తెలియదు. బహుశా కారులోనే లోపముందని వాదించేదాన్ని. ఏకాంబరం మాత్రం చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. దారిలో ఆరోగ్యం కనబడ్డాడు. ఆరోగ్యం మా బంకుకు రోజూ వచ్చే మనిషి. షాఫ్టులోకి మనుషులను దింపే పెద్ద ఇంజను నడిపేవాడు. ఆయన దగ్గర ఒక జావా మోటారు సైకిలు ఉండేది. ఆయన అసలు పేరే ఆరోగ్యం. పాపం, ఎవరైనా "ఆరోగ్యం ఎట్లుండాది?" అని అడిగితే, "నేను బాగుండాను, నువ్వెట్లుండావు?" అని తిరిగి అడిగేవాడు.

పెళ్ళికొడుకు బాసికం కట్టుకుని, పట్టుపంచె ఎగ్గట్టి, ఆ జావా వెనక కూర్చుని కళ్యాణ మండపానికి చేరాడు. ఆ వెనకే ఒక ఆటోలో ఏకాంబరం దిగాడు. తిన్నగా పెళ్ళికూతురి తండ్రి దగ్గరికి వెళ్ళి, అందరూ వినేటట్టు అన్నాడు:

"అయ్యా, మీ అల్లునిది తప్పు లేదు. కారుది తప్పు లేదు. పెట్రోలు కార్లో డీజిలు పోసిన పెద్దమనిషిని నేనే. తిట్టేది ఉంటే ముహూర్తానికి ముందరే తిట్టేయండి."

పెళ్ళికూతురు తల వంచుకుని నవ్వడం చూసి మిగతావాళ్ళూ నవ్వారు. కారు బాగు చేయించే ఖర్చు ఏకాంబరమే పెట్టుకున్నాడు. ఆ దంపతులు ఊళ్ళో ఉన్నంతకాలం మా బంకుకే వచ్చేవాళ్ళు. వచ్చిన ప్రతిసారీ ఆమె కారు కిటికీ దించి, "సావుకారూ, ఈసారి సరింగా చూసి ఏస్తాండావా?" అని అడిగేది.

నాజిలు పెట్టే ముందు పెట్రోలా డీజిలా అని గట్టిగా అడగాలని ఆ రోజు నుంచి బంకులో ఖాయం చేశాను. నేను నేర్చుకున్నది మాత్రం ఇంకొకటి. తప్పు జరిగితే మనమే వెళ్ళి చెప్పాలి. ఇంజను చెప్పేదాకా ఆగకూడదు.

సైరను ఆగిన తర్వాత

గనులు మూతబడినప్పుడు ఊరంతా ఏడ్చింది. దాని గురించి చాలామంది రాశారు, నేను బంకు సంగతి మాత్రమే చెబుతాను. ఆఫీసర్ల కార్లు వెళ్ళిపోయాయి. షిఫ్టు సైరను ఆగిపోయింది, షిఫ్టు మారే వేళ స్కూటర్ల బారులు లేవు. జనం తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరుకు పనికి పోవడం మొదలుపెట్టారు. కొన్నేళ్ళకు నరసాపురంలో బండ్ల ఫ్యాక్టరీ వచ్చాక కొందరు కంపెనీ బస్సుల్లో అటు వెళ్ళేవాళ్ళు. బంగారుపేట రోడ్డులో పెద్ద పెద్ద పైకప్పులతో కొత్త బంకులు లేచాయి.

మా దగ్గరికి గాలి పట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు, తాగేనీళ్ళు పట్టుకోవడానికి వచ్చేవాళ్ళు, చేతిపంపు నీడలో కూర్చుని పాత షాఫ్టుల గురించి మాట్లాడుకోవడానికి వచ్చేవాళ్ళు. పెట్రోలు కొనడానికి మాత్రం వచ్చేవాళ్ళు కాదు. ఆరోగ్యం కూడా అప్పటికి పని పోయి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మా గాలిమిషను పక్కనే ఉండేవాడు.

గిరాకీ లేకపోయినా ఏకాంబరం పనివాళ్ళలో ఒక్కరిని కూడా తీసేయలేదు. అది మంచితనమని అందరూ అన్నారు. నేను తెలివితక్కువతనం అన్నాను, ఆయన మొహం మీదే అన్నాను. ఇప్పుడు అడిగినా సగం అదే అంటాను. మంచి యజమాని మనుషులను నిలబెట్టుకోవాలంటే, వాళ్ళకు పని ఎక్కడ దొరుకుతుందో కూడా వెతకాలి. ఆయన వెతకలేదు. కుర్చీ వేసుకుని రోడ్డు వంక చూస్తూ, వెళ్ళిపోయిన కార్లు తిరిగి వస్తాయన్నట్టు కూర్చున్నాడు. నేనూ ఆయన పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అది వేరే సంగతి.

టై కట్టుకున్న అబ్బాయి

అలాంటి రోజుల్లో ఆయిలు కంపెనీ తరఫున శ్రీకర్ అనే కొత్త సేల్స్ ఆఫీసరు వచ్చాడు. తెనాలి వైపు అబ్బాయి. ఎండలో కూడా టై కట్టుకునేవాడు. చాలా మర్యాదగా మాట్లాడేవాడు, అందుకే భయమేసేది.

"ఏకాంబరం గారూ, చెప్పడానికి బాధగానే ఉందండి. ఇక్కడ అమ్మకం ఉన్నట్టే లేదు. ఇలాంటి బంకులు ఉంచాలా, తీసేయాలా అని పైవాళ్ళు అడుగుతున్నారు. గురువారం వచ్చి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటాను. నా కళ్ళతో చూసి చెప్పాలి కదా!"

ఆయన వెళ్ళాక సావుకారు తన కుర్చీని రోడ్డు వైపు నుంచి గోడ వైపుకు తిప్పుకుని కూర్చున్నాడు. పోయేది ఒక్క ఆయన వ్యాపారం కాదు. నాకు ఆ వయసులో ఇంకెక్కడా ఉద్యోగం రాదు. పంపు దగ్గరి వాళ్ళ ఇళ్ళు ఆ జీతాల మీదే నడుస్తున్నాయి.

గాలిమిషను దగ్గర నుంచి ఆరోగ్యం లేచి వచ్చాడు.

"ఏం సావుకారూ, ఆ టై అప్ప చూడాల్సింది బండ్లే గదా? బండ్లు మనూళ్ళో లేవా?"

"ఉంటే? వాళ్ళకి అవసరం ఉంటే గదా వచ్చేది?"

"అవసరం యాల? నేను పిలిస్తే వస్తారు. గురువారం పొద్దున్నించి క్యూ కట్టిస్తా."

"ఇది మోసం" అన్నాను నేను.

"మోసం యాడుండాదమ్మా? దుడ్డు ఇస్తారు, పెట్రోలు పోయించుకుంటారు. కాకపోతే రవంత రవంత పోయించుకుని, మళ్ళీ మళ్ళీ వస్తారు."

ఏకాంబరం మొహంలోకి వెలుగు తిరిగి వచ్చింది. నేను వద్దన్నాను. గట్టిగానే వద్దన్నాను. వద్దన్నదీ నేనే, లూనా వెనక చర్చి వ్యాను వస్తే సహజంగా ఉంటుందనీ, టమాటా టెంపో మాత్రం భోజనాల వేళకు వస్తే బాగుంటుందనీ చెప్పిందీ నేనే.

క్యూ

గురువారం శ్రీకర్ వచ్చేసరికి బంకు ముందు బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఆయన ఆశ్చర్యపోయి కారులోంచి దిగి, మేమిచ్చిన కుర్చీలో కూర్చున్నాడు. లూనా మీద రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన వెనక చర్చి వ్యాను, పాలబండి, రెండు ఆటోలు, ఆ వెనక జావా మీద ఆరోగ్యం. అందరూ మహా తొందరలో ఉన్నట్టు హారన్లు కొడుతున్నారు. వాళ్ళల్లో ఒక్కరికి కూడా ఏ పనీ లేదని నాకు తెలుసు.

మొదటి విడత బాగానే జరిగింది. రెండో విడతకు ఆరోగ్యం హెల్మెట్టు తీసేసి, నల్ల కళ్ళజోడు పెట్టుకుని వచ్చాడు. మూడో విడతకు కళ్ళజోడు తీసేసి, మండే ఎండలో కోతిటోపీ పెట్టుకుని వచ్చాడు. మెడకు వాళ్ళావిడ శాలువా కూడా ఉంది. బండి మాత్రం అదే జావా. అది దగ్గే దగ్గు ఊళ్ళో ఇంకే బండికీ రాదు.

శ్రీకర్ టీ తాగుతూ నా వైపు వంగాడు.

"మేడమ్, ఆ జావాకు ట్యాంకు చిల్లు పడిందా అండి? ఇంతకుముందు కూడా పోయించుకున్నట్టున్నాడు."

నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది. "ఆయన వేరే సార్. వాళ్ళు ముగ్గురు అన్నదమ్ములు. ముగ్గురికీ జావాలే. వాళ్ళ నాయన కొనిచ్చినాడు."

"ఓహో" అన్నాడు శ్రీకర్. లేచి, తిన్నగా ఆరోగ్యం దగ్గరికి నడిచాడు. నేను వెనక నుంచి చేతులతో సైగలు చేస్తున్నాను. ఆరోగ్యం నన్ను చూడలేదు. కోతిటోపీ కళ్ళ మీదికి జారి ఉంది.

"బాబాయ్, మీరు పెద్దవారా, మధ్యవారా, చిన్నవారా?"

ఆరోగ్యం ఠీవిగా నిటారుగా కూర్చున్నాడు. "నేను ఒకే బిడ్డ సార్ మా అమ్మకి. నన్ను కన్నాక ఇంగ చాలు అనేసిందంట."

శ్రీకర్ నా వైపు తిరిగాడు. నేను చేతిపంపు రంగు ఎక్కడైనా పెచ్చులూడిందా అని చాలా శ్రద్ధగా పరీక్షిస్తున్నాను. ఆయన వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చుని, ఇంకో టీ అడిగాడు. మా పని అయిపోయిందని ఆ టీ ఇస్తుంటేనే నాకు అర్థమైపోయింది.

అప్పుడే నరసాపురం ఫ్యాక్టరీ బస్సు వచ్చింది. మధ్యాహ్నం షిఫ్టుకు పోయేవాళ్ళను ఎక్కించుకుని మా మలుపులోంచే వెళ్ళేది. మా క్యూ రోడ్డు మీదికి పాకి దారి మూసేసింది. బస్సు ఆగింది. కిటికీలోంచి ఒక ఒరియా కుర్రాడు తల బయటపెట్టి, రేపు పెట్రోలు రేటు పెరుగుతోందా అని హిందీలో కింద ఉన్న లెక్కల మాస్టారును అడిగాడు. మాస్టారుకు హిందీ ఒక్క ముక్క రాదు. ఎవరు ఏం అడిగినా కాదనడం ఆయన అలవాటులో లేదు. నవ్వి, తల ఊపి, "హా, హా" అన్నాడు.

బస్సులో అందరి చేతుల్లోనూ ఫోన్లు ఉన్నాయి.

ఏకాంబరం చెప్పిన నిజం

భోజనాల వేళ దాటకుండానే మారికుప్పం వైపు నుంచి మొదటి బండ్లు వచ్చాయి. తర్వాత అండర్సన్‌పేట నుంచి, రాబర్ట్‌సన్‌పేట నుంచి. స్కూటీల మీద ఆడవాళ్ళు, కార్లలో ఉద్యోగస్థులు, చేతుల్లో ఖాళీ క్యానులతో నడిచి వచ్చేవాళ్ళు. కొందరు రేటు పెరుగుతోందన్నారు, కొందరు లారీల సమ్మె అన్నారు, ఒకాయన యుద్ధమన్నాడు. మా దొంగ క్యూ నిజం క్యూలో ఇరుక్కుపోయింది. నాలుగో వేషంలో వచ్చిన ఆరోగ్యం ముందుకూ వెనక్కూ పోలేక, "నేను ఊరికే వచ్చినానప్పా, నన్ను వదలండప్పా" అని మొత్తుకుంటున్నాడు. ఎవరూ దారి ఇవ్వలేదు.

తోపులాట మొదలైంది. పెట్రోలు బంకులో తోపులాట అంటే తమాషా కాదు. క్యానులతో వచ్చినవాళ్ళను పక్కకు పంపేయడానికి, ఎవరూ బీడీ ముట్టించకుండా చూడటానికి నేను గొంతు చించుకుంటున్నాను. శ్రీకర్ టై విప్పి జేబులో కుక్కుకుని, ఒక తాడు పట్టుకుని బండ్లను వరసలో పెట్టడానికి దిగాడు. ఒక కానిస్టేబులు వచ్చాడని ఊపిరి పీల్చుకున్నాం. ఆయనా, వెనక దారిలోంచి తన బండినే పంపు దగ్గరికి తోసుకొచ్చాడు.

ఏకాంబరం అదంతా చూశాడు. ఆయిలు డ్రమ్ము మీదికి, నేను పట్టుకుంటుండగా, ఎక్కి నిలబడ్డాడు.

"అప్పా, అమ్మా, రవంత వినండి! రేటు పెరగడం లేదు. సమ్మె లేదు. యుద్ధం లేదు. పొద్దున క్యూ కట్టించింది నేనే. ఈ కంపెనీ సారుకి మన బంకులో గిరాకీ ఉండాదని చూపించేదానికి నాటకం ఆడించినా. మీరంతా సుమ్నే గమ్మున ఇండ్లకి పోండి!"

క్యూ మధ్యలోంచి ఒకామె అరిచింది.

"మాకు తెలీదా సావుకారూ నీ యవ్వారం? స్టాకు దాచిపెట్టుకుని రేపు ఎక్కువ రేటుకి అమ్మాలని గదా!"

"నిజం చెప్తా ఉండానమ్మా!"

"నువ్వు నిజం చెప్పింది యాడ, ఎప్పుడు?"

జనం గొల్లుమన్నారు. జీవితమంతా సరదాకు అబద్ధాలు చెప్పిన మనిషి అవసరానికి ఒక్క నిజం చెబితే నమ్మిన నాథుడు లేడు. ఏకాంబరం బిక్కమొహం వేసుకుని శ్రీకర్‌ను డ్రమ్ము ఎక్కించాడు. శ్రీకర్ తన తెనాలి తెలుగులో, నేను కంపెనీ అధికారినండి, ధర పెరగడం లేదండి, దయచేసి వెళ్ళిపోండి అని చెప్పాడు.

"కంపెనీవోడే దిగినాడంటే రేటు పెరిగేది ఖాయం రోయ్!" అని ఎవరో కేకేశారు. క్యూ ఇంకా పెరిగింది.

సాయంత్రానికి మా ట్యాంకు అడుగంటిపోయింది. ఎంత మిగిలిందో కొలిచే డిప్ రాడ్డు దించి తీస్తే పొడిగా వచ్చింది. ఏకాంబరం ఎప్పటిదో 'స్టాకు లేదు' బోర్డు అటక మీంచి దింపించి, దుమ్ము తుడిచి, దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు.

ఆ సాయంత్రం మాట

అందరూ వెళ్ళాక శ్రీకర్ మెట్టు మీద కూలబడ్డాడు. తెల్ల చొక్కా నిండా మరకలు. సావుకారు ఆయన ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పెళ్ళికూతురి తండ్రి ముందు నిలబడినట్టు.

"సార్, తిట్టేది ఉంటే తిట్టేయండి. ఈ అమ్మది తప్పు లేదు."

"ఈవిడదే కదండీ ముగ్గురన్నదమ్ముల ఐడియా!" అన్నాడు శ్రీకర్. ఆ తర్వాత జేబులోంచి టై తీసి మొహం తుడుచుకుంటూ అన్నాడు. "పొద్దున మీరు చూపించింది నాటకం. మధ్యాహ్నం వచ్చినవాళ్ళు నిజం కదండీ. ఇంతమందికి బండ్లు ఉన్నాయి. వీళ్ళంతా రోజూ ఎక్కడ పోయించుకుంటున్నారు?"

నేను చెప్పాను. "తెల్లారక ముందే రైలుకు పోతారు సార్. చీకటి పడినాక వస్తారు. అప్పుడు దారిలో ఏ బంకు తెరిచి ఉంటే ఆడ."

"మీరు ఎప్పుడు తెరుస్తారు?"

నేను, సావుకారు మొహాలు చూసుకున్నాం. మేము గనుల ఆఫీసర్ల వేళకు తెరిచి, ఆఫీసర్ల వేళకు మూసేవాళ్ళం. ఆ ఆఫీసర్లు లేరు, ఆ ఆఫీసు లేదు. బంకు మాత్రం వాళ్ళకోసమే తలుపు తీస్తోంది, ఇన్నేళ్ళుగా. ఎదురుగా పోయేవాళ్ళలో ఒక్కరినైనా, మీకు ఏ వేళకు కావాలి అని మేము అడగలేదు. బీకాం చదివిన నాకూ తట్టలేదు, పుట్టినప్పటి నుంచీ బంకులోనే ఉన్న ఆయనకూ తట్టలేదు.

శ్రీకర్ మాకు కొంత గడువు ఇప్పించాడు. మరుసటి వారం నుంచి మొదటి రైలు వేళకు బంకు తెరిచాం. మొదటిరోజు ఎవరూ రాలేదు. రెండోరోజు ఆరోగ్యం స్టేషను దారిలో నిలబడి, బండి మీద పోయే ప్రతివాడినీ ఆపి, "బంకు తెరిచినారప్పా, ఈసారి నిజంగానే" అని చెప్పాడు. మెల్లమెల్లగా అలవాటు పడ్డారు. అద్భుతమేమీ జరగలేదు. పాత వైభవమూ రాలేదు. మూతబడకుండా నిలిచింది, ఎవరి పనీ పోలేదు, అంతే. ఎవరి ఉద్యోగాలు ఉంటాయో తెలియని ఊళ్ళో అది తక్కువేమీ కాదు.

దొంగ క్యూ కట్టమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. తోపులాటలో ఎవరికైనా ఏమన్నా అయితే ఈ కథను ఇంత నవ్వుతూ రాసేదాన్ని కాదు. అయినా ఎవరైనా కట్టే పరిస్థితి వస్తే, ఎవరికి ఎంతమంది అన్నదమ్ములో ముందే అందరూ ఒక మాట అనుకోండి.

ఏకాంబరం పోయాక ఆయన కూతురు బంకు చూసుకుంటోంది. కొత్త పైకప్పు వేయించింది, ఫోనుతో డబ్బు కట్టే పలకలు పెట్టించింది. చేతిపంపు గురించి ఎవరడిగినా ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. నిజం విన్నవాళ్ళెవరూ ఆ పంపు పక్కన ఫోటో తీసుకోవడం లేదని మొన్న నాతో అని బాధపడింది.

ఆఖరి రోజు

నేను రిటైరయ్యే రోజు నా స్థానంలోకి చదువుకున్న కుర్రాడు వచ్చాడు. పొద్దున్నే నా కుర్చీలో కూర్చుని, కంప్యూటరు ముందు పెట్టుకున్నాడు. లేవమనడం బాగుండదు, నిలబడి చూస్తూ ఉండటమూ బాగుండదు. పనివాళ్ళు మధ్యాహ్నం నాకోసం తెప్పించిన స్వీట్లు పంచుకోవడానికి లోపలికి వెళ్ళారు. నేను పంపు దగ్గరికి వచ్చి నిలబడ్డాను.

మేనేజరు చేతికి పెట్రోలు వాసన రాకూడదని సావుకారు నన్నెప్పుడూ నాజిలు ముట్టుకోనివ్వలేదు. మనుషులకు నేర్పించాను, తప్పు చేస్తే తిట్టాను, నేను మాత్రం ఒక్క బండికీ నింపలేదు. ఇంతలో ఒక అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. కాలేజీ పిల్లలా ఉంది. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. నాజిలు తీశాను.

"పెట్రోలా డీజిలా?" అన్నాను గట్టిగా.

ఆ అమ్మాయి నన్ను వింతగా చూసింది. "స్కూటీ ఆంటీ ఇది."

"అవునవును" అని మూత తీసి నాజిలు పెట్టాను. కొంచెం ఒలికింది. గుడ్డతో తుడిచాను.

"కొత్తగా చేరినారా ఆంటీ?" అని అడిగింది ఆ అమ్మాయి జాలిగా.

లోపలి నుంచి పనివాళ్ళ నవ్వులు వినబడుతున్నాయి. నేను ఆ అమ్మాయి కళ్ళలోకి చూశాను.

"ఔనమ్మా, ఈ పొద్దే చేరినా."

"భయపడొద్దాంటీ" అంది ఆ అమ్మాయి స్కూటీ స్టార్టు చేస్తూ, "రెండు దినాల్లో అంతా అలవాటైపోతాది."